రెండు పచ్చి బొంగులు

కోడికూరంత సులువైన వంట లేదని నేను నోరు జారింది అరకు ఘాట్ రోడ్డులో. వెనక సీట్లో మా అబ్బాయి ప్లాస్టిక్ కవరు పట్టుకుని, ఏ మలుపులో వాంతి వస్తుందో అని ఎదురుచూస్తున్నాడు. బుద్ధున్నవాడెవడూ ఆ సమయంలో తిండి మాట ఎత్తడు. కానీ నేను అప్పుడే బొంగులో చికెన్ తిని కారెక్కాను.

"నూనె చుక్క లేదు, గిన్నె లేదు, గరిటె లేదు. ముక్కలకి మసాలా పట్టించి, బొంగులో కూరి, నిప్పుల మీద పెడితే దాని మానాన అదే ఉడుకుతుంది. దీనికోసం వైజాగ్ నుంచి 115 కిలోమీటర్లు రావాలా? మనింట్లో చేసుకోలేమా?" అన్నాను.

"మనింట్లో కుక్కరుంది" అంది మా ఆవిడ.

ఆవిడ కుక్కర్ చికెన్ గురించి ఒక ముక్క చెప్పాలి. కిలో ముక్కలకి చిన్న కప్పు పెరుగు, అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, కారం, ధనియాల పొడి కలిపి అరగంట పక్కన పెడుతుంది. రెండు ఉల్లిపాయలు దోరగా వేగాక ఆ ముక్కలు వేసి కాసేపు కలిపి, నీళ్ళు చుక్క పొయ్యకుండా మూడు విజిల్స్ రానిస్తుంది. కోడిలో ఊరే నీరు కోడికి చాలంటుంది. మూత తీశాక మిరియాల పొడి, కొత్తిమీర. అంతే. ఆ వాసనకి కింది ఫ్లాటు కుర్రాడు నిమ్మకాయ బదులు అడిగే వంకతో పైకొస్తాడు.

ఇంత సులువైన కూర ఉండగా నేనెందుకు బొంగుల వెంట పడ్డానంటే, ఆ కూర వండేది నేను కాదు గనక. మగాడు ఏడాదికోసారి వంటింట్లోకి వెళ్తే పప్పుచారుతో బయటికి రాలేడు కదా. హైదరాబాదులో ఉండే మా బావమరిదికి ఫోన్ చేసి వంటకం పేరు చెప్తే తెగ నవ్వాడు. ఎందుకు నవ్వాడో ఇక్కడ రాయడం కుదరదు.

ఆ తర్వాతి ఆదివారం ఎంవీపీ కాలనీ రైతు బజారులో కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మకాయలు, ఒక అరటాకు కొన్నాను. చికెన్ కొట్లో కిలోన్నర, తోలుతోనే కొట్టించాను. నూనె వెయ్యం కాబట్టి ఆ తోలులోని కొవ్వే దిక్కు. ఇక మిగిలింది బొంగు. నిచ్చెనలు, తడికలు, పందిరి గుంజలు అమ్మే ఒక కర్రల అడితికి వెళ్ళాను. పెద్దాయన పేపరు చదువుకుంటున్నాడు.

"పచ్చి బొంగులు కావాలండి. రెండు."

ఆయన పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, లేచి నిలబడ్డాడు. "పచ్చివేనాండి?"

"పచ్చివే. ఎండువి పనికిరావు."

"అయ్యో... వయసెంతండి?"

కోడి గురించి అడుగుతున్నాడు, రుచి తెలిసిన మనిషి అనుకున్నాను. "ఎక్కువేం కాదండి. లేతదే."

ఆయనకి కాసేపు మాట రాలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఎన్నింటికెత్తుతారు?" అన్నాడు.

"ఒంటిగంటకల్లా ఎత్తేస్తామండి. పిల్లలు ఆకలికి ఆగలేరు."

"నిజమే, పిల్లలుంటారు కదా పాపం. మనుషులున్నారా?"

"నలుగురమే."

"నలుగురు చాలండి" అని, కుర్రాణ్ణి కేకేసి, ఎనిమిదడుగుల బొంగులు రెండు ఏరించాడు. నేను అడక్కుండానే పక్క కొట్లోంచి కొబ్బరి తాడు చుట్ట, కొత్త కుండ తెప్పించి ఆటోలో పెట్టించాడు. మూడొందలుంటుందనుకున్నది రెండొందలే అడిగాడు. అలవాటుకొద్దీ నేను నూటయాభై అనబోతే, "ఇలాంటివాటికి బేరమాడకూడదు బాబూ" అని భుజం మీద చెయ్యి వేశాడు. వంట చేసుకునే మగాడికి ఈ ఊళ్ళో ఇంత గౌరవముందా అని నా కళ్ళు చెమర్చాయి. ఆ తడి చూసి ఆయన ఇంకో ఇరవై తగ్గించి, నా ఫోన్ నంబరు రాసుకుని, "ఏ అవసరమున్నా మొహమాటపడకండి" అన్నాడు.

ఎనిమిదడుగుల బొంగులు లిఫ్టులో పట్టవు. గేటు పక్క గోడకి ఆనించి, కుండా తాడూ వాటి మొదట్లో పెట్టి, రంపం కోసం పైకెళ్ళాను. పచ్చి వెదురుకి సన్నటి నూగుంటుందని నాకప్పటిదాకా తెలీదు. ఆటోలో వాటిని వాటేసుకుని వచ్చినందుకు మెడా చేతులూ ఒకటే దురద. తలమీంచి స్నానం చేసి, మసి అంటుతుందని చొక్కా తొడుక్కోకుండా, తెల్ల పంచె కట్టుకుని తడి తువ్వాలు భుజానేసుకున్నాను.

ఈలోగా కింద ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. ఇప్పుడే చెప్పేస్తాను.

మూడో అంతస్తులో రిటైరైన లెక్కల మాస్టారున్నారు. ముందురోజు రాత్రి పది గంటలకి ఆయనకి గుండెల్లో పట్టేసినట్టుందంటే వాళ్ళబ్బాయి కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. వెళ్ళడం అందరూ చూశారు. పూరీలు ఎక్కువై గ్యాస్ పట్టిందని తేల్చి, ఒక మాత్ర మింగించి పంపేస్తే, పదకొండున్నరకి తిరిగొచ్చారు. రావడం వాచ్‌మన్ ఒక్కడే చూశాడు. అతనేమో పొద్దున్నే గ్యాస్ బండ కోసం వెళ్ళాడు. కాబట్టి మొదటి అంతస్తు పిన్నిగారు పాల ప్యాకెట్ కోసం దిగేసరికి గేటు దగ్గర ఆవిడకి కనిపించినవి పచ్చి బొంగులు, కొబ్బరి తాడు, కొత్త కుండ. అడగడానికి అక్కడ ఎవరూ లేరు. అడగాల్సిన అవసరమూ ఆవిడకి కనిపించలేదు.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆవిడ 'ఓం శాంతి' అని పెట్టారు. ఎవరికో రాయలేదు. అలాంటి సమయంలో పేరు రాయడానికి చేతులు రావు కదా. పావుగంటలో దండం పెట్టే చేతులు ముప్ఫై జతలు వచ్చాయి. నీళ్ళ ట్యాంకర్ బిల్లు మీద ఆ పూట జరగాల్సిన మీటింగు రద్దయింది. ఒకాయన బండి మీద పూర్ణా మార్కెట్‌కి పరిగెత్తి గులాబీల దండ తెచ్చాడు. అన్నిటికంటే ఘోరం, ఆ గ్రూపులో మాస్టారు కూడా ఉన్నారు. అందరూ పెడుతున్నారు కదా, మనం పెట్టకపోతే బాగుండదని ఆయన కూడా పెట్టారు: 'ఓం శాంతి. మంచి మనిషి.' తండ్రి ఫోన్లోంచి కొడుకు పెట్టాడనుకుని నలుగురు కళ్ళు తుడుచుకున్నారట.

నా ఫోన్ మాత్రం చార్జింగులో ఉంది.

నిప్పుల సంగతి నాకు స్నానం చేస్తుండగా తట్టింది. బొగ్గులు రాజెయ్యడం మనవల్ల కాదు, వీధి మలుపులో ఇస్త్రీ బండి దగ్గర ఎప్పుడూ రాజుకున్న నిప్పులుంటాయి. మా ఆవిడ గిన్నె ఇవ్వనంది. కొత్త కుండ ఉండనే ఉంది. కుండనిండా నిప్పులు పోయించుకుని, తాడుతో ఉట్టిలా కట్టి, పొగలు కక్కుతుంటే చేత్తో పట్టుకుని నడిచొచ్చాను. తడి తల, తెల్ల పంచె, చేతిలో నిప్పుల కుండ. ఎదురుగా వస్తున్న స్కూటరాయన బండి ఆపి హెల్మెట్ తీశాడు. ఒక ముసలావిడ చేతులు జోడించింది. ఎంవీపీ కాలనీలో సంస్కారం ఇంకా మిగిలుందనుకుని నేను కూడా తలూపాను.

గేటు దగ్గర పదిహేనుమంది నిలబడి ఉన్నారు. ట్యాంకర్ గొడవ కాబోలనుకున్నాను. సెక్రటరీ గారు నా చేతిలో కుండ చూసి తెల్లబోయారు. "మీరు పట్టుకున్నారేంటండీ? అబ్బాయేడీ?"

"వాడింకా నిద్ర లేవలేదండి. నేనే కానిచ్చేస్తున్నా."

సెక్రటరీ గారు పక్కాయన చెయ్యి పట్టుకున్నారు. ఈ కాలం పిల్లలు ఎంతకి తెగించారో అన్న ఆలోచన ఆ మొహంలో కనిపించింది గానీ, నాకు అర్థమైతే కదా. నేను చకచకా మెట్లెక్కి మేడ మీదికి పోయాను.

పైన వాచ్‌మన్ అప్పటికే బొంగులు మోసుకొచ్చి కూర్చున్నాడు. అతనిది అనంతగిరి దగ్గర ఊరు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఈ వంట చూసినవాడు. ఈ మాట నేను వారం రోజుల్లో ఒక్కసారి అడిగి ఉంటే, అడితికి వెళ్ళే పనే ఉండేది కాదు.

"ఒక కణుపు అడుగునుండాలండి బాబూ, పైన తెరుసుకుండాల. నిండా కూరీకండి, నాలుగేళ్ళు కాళీ ఒగ్గీయండి. ఆకు మరీ బిగించీకండి, ఆవిరెళ్ళాల" అని చెప్తూ అతనే రంపం అందుకున్నాడు. కోస్తుంటే చెరుకు కోసినట్టు వాసన. లోపల పొర తెల్లగా, తడిగా ఉంది. ఆ తడే ముక్కని మాడనివ్వకుండా ఉడికిస్తుందట. ఎండు బొంగయితే కోడికంటే ముందు తనే కాలిపోతుంది. అల్లం వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర ముద్ద, పసుపు, కారం, ఉప్పు, నిమ్మరసం పట్టించిన ముక్కల్ని మూడు గొట్టాల్లో జార్చాం. అరటాకు చుట్టి మూతులు మూశాం. రెండు గొట్టాలు అతను చెప్పినట్టే ఉన్నాయి. మూడోది నా సొంత తెలివి. పట్టుకోవడానికి వీలుగా ఉంటుందని కింద ఇంకో కణుపుదాకా పొడుగ్గా ఉంచాను. "అది పేల్తాదండి" అన్నాడతను. ఇన్నేళ్ళు ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలీదా అనుకున్నాను.

పది నిమిషాలకోసారి గొట్టాలు దొర్లిస్తుంటే ఆకుపచ్చ కాస్తా పసుపై, పసుపు గోధుమరంగై, చారలు చారలుగా నల్లబడింది. ఆకు అంచుల్లోంచి బుడబుడమని నురగొచ్చింది. దూరంగా సముద్రం, ఇటు కైలాసగిరి, మధ్యలో మసాలా వాసన. సముద్రపు గాలి పొగనంతా పక్క అపార్టుమెంటు దుప్పట్ల మీదికి తోస్తోంది. పంచె సవరించుకుని, "చూశావా, ఎంత సులువో" అని మా ఆవిడకి కేకేద్దామని నోరు తెరిచాను.

ఢమ్మంది.

కాకులన్నీ లేచిపోయాయి. మూడో గొట్టం నిలువునా చీలి, ముక్కలు బూడిదలో పడ్డాయి. ఆ చప్పుడికి నిద్రలేచి పైకొచ్చిన మా ఇంటర్ పుత్రరత్నం చీలిక చేతిలోకి తీసుకుని, "రెండు కణుపుల మధ్య ఇది మూసేసిన గది నాన్నా. నీరు ఆవిరైతే 1,700 రెట్లవుతుంది. పోవడానికి దారేదీ?" అన్నాడు. ఫీజు కట్టిందానికి మొదటిసారి ఫలితం కనిపించింది.

కింద మాత్రం, "అప్పుడే మందుగుండు కాల్చేస్తున్నారు, పదండి పదండి" అంటూ జనం మూడో అంతస్తుకి ఎక్కేశారు. దండాయన ముందు, సెక్రటరీ గారు వెనక. బెల్లు కొడితే తలుపు తీసింది మాస్టారే. చేతిలో సగం తిన్న పెసరట్టు.

"రండి రండి. ఇంతకీ ఎవరండీ పోయింది? పొద్దున్నించీ అడుగుదామనుకుంటున్నా" అన్నారు.

ఎవరి నోటా మాట లేదు. దండాయన దండని వీపు వెనక్కి తిప్పాడు. అది మూరెడు పక్కనుంచి వేలాడుతూనే ఉంది.

"ఆ దండేమిటి?"

"మీకే మాస్టారూ" అన్నారు సెక్రటరీ గారు. పదేళ్ళుగా ఎన్నికల్లో ఆయనే ఎందుకు గెలుస్తున్నారో ఆ క్షణంలో అందరికీ అర్థమైంది. "గురుపూజోత్సవం. సన్మానం."

"అది సెప్టెంబర్ 5న కదా?"

"వర్షాల వల్ల వాయిదా పడింది మాస్టారూ."

ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైతే ఒక్కడూ దండ వెయ్యలేదట. మాస్టారు గొంతు పూడుకుపోయింది. దండ వేశారు, చప్పట్లు కొట్టారు, ఫోటో తీశారు. తర్వాత వాసన పట్టుకుని అందరూ మేడ మీదికొచ్చారు. అక్కడ పంచెతో, మసితో, గొట్టాలతో నేను కనిపించాను. ఓ నిమిషంపాటు వాళ్ళ చూపులు ఎలా ఉన్నాయంటే, మిగిలిన బొంగుతో నాకే ఏర్పాటు చేసేలా ఉన్నారు. ఆ రోజు మా అపార్టుమెంటులో పోయింది ఆ మూడో గొట్టం ఒక్కటే.

మిగతా రెండు గొట్టాలు విప్పితే వచ్చిన ముక్కలు పాతికమందికి తలా ఒకటి. ముక్క మెత్తగా ఎముకనుంచి జారిపోతోంది, పచ్చిమిర్చి ఘాటుతో పాటు వెదురు వాసన నాలిక చివర తగులుతోంది. నా గొప్ప కాదు, వాచ్‌మన్ గొప్ప. మాస్టారు మెడలో దండతోనే మూడు ముక్కలు తిన్నారు. "గ్యాసన్నారు కదా మాస్టారూ" అంటే, "నూనె లేదుగా" అన్నారు. ఈలోగా మా ఆవిడ కింద ఇంకో కిలో కుక్కర్లో పెట్టేసింది. మూడో విజిల్ మేడ మీదికి వినిపించగానే జనం నన్ను వదిలేసి దిగిపోయారు.

సాయంత్రం సెక్రటరీ గారు సన్మానం ఫోటో గ్రూపులో పెట్టారు. మెడలో గులాబీ దండతో మాస్టారి నవ్వు మొహం. ఊరెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి ఇంకో పదకొండు 'ఓం శాంతి'లు వచ్చాయి.

తొమ్మిదో రోజున నాకు ఫోనొచ్చింది. అడితి పెద్దాయన. గొంతు చాలా మెత్తగా ఉంది. "రేపు పదో రోజు కదండి. షామియానాకి గుంజలేమైనా పంపమంటారేమోనని..."

నిజం చెప్పేద్దామనుకున్నాను. కానీ తగ్గించిన డబ్బులు గుర్తొచ్చాయి. పైగా వచ్చే ఆదివారం మాస్టారు మళ్ళీ చెయ్యమని ఒకటే గొడవ.

"అవేం వద్దండి. పచ్చి బొంగులు ఉన్నాయా? రెండు కావాలి."

అవతల చాలాసేపు చప్పుడు లేదు.

"మళ్ళీనాండి?"