ప్రాణం చిలకలో, నంబర్ ఫ్లెక్సీలో

మా చెల్లి బీఎఫ్‌ఏ చదువుతోంది. చుట్టాల దగ్గర అమ్మ ఈ మాట చెప్పదు, "డిజైనింగ్ కోర్సు" అంటుంది, ఎందుకంటే బొమ్మలేస్తుంది అని చెబితే "అది సరే వదినా, చదువేంటి?" అని అడుగుతారు.

ఈ సెమిస్టర్‌లో వాళ్లకిచ్చిన పని ఏంటంటే, ఒక జానపద కథ తీసుకుని అందులో నాలుగు పాత్రల్ని కొత్తగా డిజైన్ చేయాలి, చివర్లో నాలుగూ వరసగా నిలబడ్డ పెద్ద షీటొకటి ప్రింట్ తీయించి గోడకి తగిలించాలి. సార్ ముందే షరతు పెట్టారట. డ్రాగన్లూ, చెవులు సాగిన ఎల్ఫులూ తెస్తే చూడకుండానే తిరగ్గొడతాను, మన దగ్గర రాక్షసులకేమైనా కరువొచ్చిందా అని.

మా చెల్లి బాలనాగమ్మ కథ తీసుకుంది. అందులో అందరూ మాయల ఫకీరు మీద పడితే ఇది మాత్రం చిలక మీద పడింది. ఫకీరు తన ప్రాణాన్ని ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిపెట్టాడు కదా, ఆ చిలక.

"దాన్ని అడిగి పెట్టాడా అన్నయ్యా? అది ఒక పూట జామకాయ తినకపోతే అక్కడ వాడికి నీరసం. పిల్లి కనిపిస్తే పారిపోవాల్సింది ఒక ప్రాణం కోసం కాదు, రెండు ప్రాణాల కోసం. ఎంత టెన్షన్ పడి ఉంటుంది పాపం!"

పాయింటే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకని పంజరంలో పెట్టుకోవడమే నేరం, అంటే ఈ రోజుల్లో ఆ ఫకీరుని పట్టుకోవడానికి రాకుమారుడు అంత దూరం పోనక్కర్లేదు, ఫారెస్టు వాళ్లకి ఒక్క ఫోన్ కొడితే సరిపోతుంది అన్నాను. నవ్వలేదు. వాళ్లకి పని ఉన్నప్పుడు నవ్వరు.

ఆ తర్వాత కొన్నాళ్లు ఇంట్లో ఎవరూ మామూలుగా నిలబడలేదు. ముందు చిన్న చిన్న బొమ్మలు గీసి లోపలంతా నల్లగా నింపేస్తుంది, ఆ నల్ల ఆకారం చూసి కూడా ఎవరో గుర్తుపట్టగలిగితేనే పాత్ర నిలబడినట్టట. గుండ్రటి ఆకారాలు మంచివాళ్లకి, కోణాలు చెడ్డవాళ్లకి. "నీలో ఎక్కడా ఒక్క కోణం లేదన్నయ్యా" అంది నన్ను కిందా మీదా చూసి, అది మెచ్చుకోలో కాదో ఇప్పటికీ తేలలేదు. మళ్లీ ప్రతి పాత్రనీ ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి గీయాలి కాబట్టి ఫకీరు వీపు కోసం నాన్నని దుప్పటి కప్పి బాల్కనీలో నిలబెట్టింది. ఎదురింటి ఆంటీ ఒంట్లో బాగాలేదా అన్నయ్యగారూ అని అక్కడి నుంచే అడిగారు.

రంగులు చేర్యాల నకాశీ బొమ్మల పద్ధతిలో వేసింది. నేపథ్యం ఎరుపు. ఆ బొమ్మల్లో దేవుళ్ల ముఖాలకి నీలం, పసుపు వేస్తారు, మనుషులకి గులాబీ చాయ, రాక్షసులకి గోధుమ రంగు, ఇంకా ముదురువి. దాంతో ఫకీరు మొహం మాడిన అట్టు రంగులో వచ్చింది, అసలు ఆ రంగు కలపడానికే దానికి ఒక రాత్రి పట్టింది. తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడిని తెచ్చి ఫకీరుకి శిష్యుడిగా పెట్టింది. బాలనాగమ్మ ఎలాగూ ఉంది. చిలకకైతే రాలిన ఈకలు, కళ్ల కింద నలుపు, ఒక కాలితో ఇంకో కాలిని గోక్కుంటూ ఉంటుంది. చూస్తే జాలేసేది.

పెద్ద షీటు కాబట్టి అందరికంటే చవకగా ఫ్లెక్సీ షాపులో ఇచ్చింది. దాని ఫోన్ చార్జింగ్ అయిపోవడంతో, రెడీ అయ్యాక చేయమని షాపులో నా నంబర్ రాయించి కాలేజీకి పోయింది.

మధ్యాహ్నం నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా ఫోన్.

"నమస్తే సామీ. మా పిల్లకి సంబంధాలు వస్తున్నయ్, పోతున్నయ్."

రాంగ్ నంబరండీ అన్నాను. "లేదు సామీ, గీడ పెద్దగ రాసిండ్రు" అన్నాడాయన. పెట్టేశాను. ఇంకొకాయన బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో చెప్పమన్నాడు. ఒకావిడ అయితే నాతో మాట్లాడటానికి కూడా ఇష్టపడలేదు. "మీరు లేకున్నా పర్లేదు, చిలక ఖాళీగున్నదా?" అంది.

చిలక అన్న మాట వినగానే నాకు విషయం అర్థమైంది. బండి తీసి చెల్లిని కాలేజీ దగ్గర ఎక్కించుకుని షాపుకి వెళ్తే, షట్టర్ పక్కన ఆరడుగుల ఫ్లెక్సీ వేలాడుతోంది. పైన "శ్రీ చిలక జ్యోతిష్యాలయం". కింద "ప్రేమ, పెళ్లి, ఉద్యోగం, కోర్టు కేసులు, బోరు పాయింట్లు". దాని కింద, ఫకీరు ఛాతీ కంటే వెడల్పుగా, నా నంబర్. జుట్టుపోలిగాడు కార్పొరేటర్ అనుచరుడిలా ఒక మూల గుండ్రంలోకి పోయాడు, "ప్రియ శిష్యుడు" అని పేరు కూడా వచ్చింది. బాలనాగమ్మ తల వెనక కిరణాలు తిరుగుతున్నాయి.

ఆపరేటర్ చాలా సంతోషంగా ఉన్నాడు.

"చిలక ఉన్నది, గడ్డపాయన ఉన్నడు, అమ్మవారున్నది, జ్యోతిష్యం గాక ఇంకేంది అన్నా? మీరు మ్యాటర్ ఇయ్యలే. నేనే ఏసిన. దానికి పైసల్ గూడ తీస్కోలే."

"ఫకీరు మొహం..." అంది మా చెల్లి. గొంతు రాలేదు దానికి.

"డల్ కొడుతుండె అక్కా. జర ఫెయిర్ చేసిన. పండ్లు గూడ తెల్లగ చేసిన."

నిజంగానే ఫకీరు మెరిసిపోతున్నాడు. ఏదో నగల షాపు ప్రారంభానికి పిలిచినట్టు నవ్వుతున్నాడు. అప్పుడు చూశాం, ఆయన భుజం మీద నిగనిగలాడే లావుపాటి చిలక ఒకటి, ముక్కున కార్డు పట్టుకుని.

"ఇది నా చిలక కాదు."

"మీది బీమారున్నట్టున్నది అక్కా. నెట్‌ల మంచిది దొరికితే పెట్టిన."

మా చెల్లి తిట్టలేదు, అక్కడున్న స్టూల్ మీద కూర్చుండిపోయింది. మళ్లీ ప్రింట్ తీయమంటే మెషిన్ నిండా పుట్టినరోజు ఫ్లెక్సీలు ఉన్నాయి, రేపు సాయంత్రం రమ్మన్నాడు. సబ్మిషన్ పొద్దున. దాంతో రాత్రంతా కూర్చుని జ్యోతిష్యాలయాన్ని వెనక్కి మడిచి క్లిప్పులు పెట్టి, కలర్ జిరాక్స్‌లో తన చిలకని తీయించి లావు చిలక మీద అంటించింది. స్క్రీన్ మీద ధగధగలాడిన పచ్చరంగు కాగితం మీద ఇంకు పడేసరికి పాచి రంగైపోయింది. ఎలాగూ అలాగే అవుతుందట, స్క్రీన్‌లో వెలుగు ఉంటుంది, ఇంకులో ఉండదు.

సార్ షీటు ముందు చాలాసేపు నిలబడి, ఈ చిలకలో ఆ రోగం రంగు భలే పట్టావమ్మా అన్నారట. తర్వాత ఫకీరుని చూసి, విలన్ రాలేదా ఇవాళ అని అడిగారట. మార్కులు ఇంకా వేయలేదు.

ఫోన్లు ఆగాయి, ఫ్లెక్సీ మాత్రం డాబా మీద ఉండిపోయింది. మొన్న మా పక్కన కడుతున్న ఇంటి మేస్త్రీ నీళ్ల కోసం పైకొచ్చి ఎరుపు రంగు చూసి ఆగాడు. స్లాబ్ లేచింది, దిష్టిబొమ్మ కట్టాలి, రాక్షసుడి బొమ్మ ఉంటే ఇస్తారా అన్నాడు. మా చెల్లి మహా ఉత్సాహంగా, అచ్చం చేర్యాల పద్ధతి అని చెబుతూ మడతలు విప్పి పరిచింది. మేస్త్రీ ఫకీరుని పైనుంచి కింది దాకా చూశాడు, పళ్ల దగ్గర కాస్త ఎక్కువసేపు చూశాడు.

"వద్దులే అమ్మా. ఇంత అందగాడిని కడితే ఉన్న దిష్టి పోవుడు కాదు, కొత్తది తగులుతది" అని నీళ్ల బిందె ఎత్తుకుని దిగిపోయాడు.