ప్రతి ప్రశ్నకీ "అదంతా కల" అనేవాళ్ళకి ఓ దండం

అన్నం ముందు నుంచి లేచొచ్చి టైప్ చేస్తున్నా, చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోలేదు, ఫోన్ స్క్రీన్ మీద ఆవకాయ మరక అలాగే ఉంది. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు మెసేజ్ పెట్టాడు, "అన్నా మాస్ ఎఫెక్ట్ మూడూ అయిపోయాయి" అని. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. మా ఇంట్లో మూడు భాగాల ఆ అంతరిక్ష వీడియో గేమ్ గురించి మాట్లాడటానికి ఇంకో ప్రాణి లేదు మరి. కథ ముగింపుకి మూడు రంగుల దారులుంటాయి, ఆఖర్లో ఏది తీసుకున్నావురా, ఎరుపా నీలమా ఆకుపచ్చా అని ఆత్రంగా అడిగా. వాడన్న మాట ఇదీ (షెపర్డ్ అంటే మనం ఆడే హీరో): "ఏదైతే ఏముంది అన్నా, అదంతా షెపర్డ్ కల కదా, ఈ వీడియో చూడు, ప్లాట్ హోల్స్ అన్నీ క్లియర్ అయిపోతాయి." కింద రెండు గంటల వీడియో లింకు.

క్లియర్ అయిపోతాయంట. 2012 మార్చిలో వచ్చింది ఆ మూడో గేమ్. అప్పట్నుంచీ ఈ ఇండాక్ట్రినేషన్ థియరీ అనే దాన్ని మోసుకుని తిరిగేవాళ్ళతో కొట్లాడుతూనే ఉన్నా, ఇప్పుడు సొంత ఇంట్లోనే పుట్టుకొచ్చాడు ఒకడు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. రీపర్స్ అనే రాక్షస యంత్రాలు మనుషుల బుర్రల్లోకి దూరి మెల్లగా తమవైపు తిప్పేసుకుంటాయి, దాన్నే ఇండాక్ట్రినేషన్ అంటారు. మూడో గేమ్ చివర్లో లండన్‌లో హార్బింజర్ అనే రీపర్ కిరణం తగిలి షెపర్డ్ పడిపోతాడు కదా, అక్కడ్నుంచి జరిగేదంతా నిజం కాదు, వాడి బుర్రలో జరిగే యుద్ధం, ఎరుపు తీసుకుంటే గెలిచినట్టు, మిగతావి తీసుకుంటే లొంగిపోయినట్టు అని ఆ థియరీ. సాక్ష్యాలు కూడా పట్టుకొచ్చారు. పడి లేచాక చుట్టూ ఉన్న పొదలు కలల్లో కనిపించినవి లాగే ఉన్నాయంట, చేతిలో తుపాకీకి తూటాలు అయిపోవంట, మొదట్లో కనిపించే ఆ చిన్నపిల్లాడితో షెపర్డ్ తప్ప ఎవ్వరూ మాట్లాడరంట. పై అధికారి ఆండర్సన్‌కి తూటా తగిలిన చోటే షెపర్డ్‌కీ రక్తం కారుతుందంట. సరే బాబూ, ఒప్పుకుంటా, మొదటిసారి చదివినప్పుడు నాకూ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తెలివైన థియరీయే. తెలివైనది కాబట్టే ఇంత చిరాకు.

ఎందుకంటే ఇది ఆవు వ్యాసం. చదివొచ్చింది ఆవు వ్యాసం ఒక్కటే, పరీక్షలో ఏది అడిగినా దాన్ని తీసుకెళ్ళి ఆవుకి కట్టేయడం. షెపర్డ్ ఓడ నార్మండీ ఎందుకు పారిపోయింది? కల. సిటడెల్ అనే అంతరిక్ష కేంద్రం భూమి దగ్గరికి ఎలా వచ్చింది? కల. తుపాకులు ఎందుకు మారిపోయాయి? అది రెండో గేమ్ సంగతి రా బాబూ! అయినా సరే, "అప్పటికే కొంచెం ఇండాక్ట్రినేట్ అయ్యుంటాడు అన్నా." ఈ లెక్కన నేను ఇంటర్‌లో మ్యాథ్స్ ఎందుకు తప్పానో కూడా హార్బింజర్‌నే అడగాలి.

ఆ తుపాకుల సంగతి ఎటూ వచ్చింది కాబట్టి చెప్తా, నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొక్క అది. 2007లో వచ్చిన మొదటి గేమ్‌లో తుపాకీకి తూటాల లెక్కే లేదు. ఎక్కువ కాలిస్తే వేడెక్కుతుంది, కాసేపు ఆగితే చల్లారుతుంది, మళ్ళీ కాల్చుకో, జీవితాంతం కాల్చుకో. 2010లో రెండో గేమ్ వచ్చేసరికి వేడిని పీల్చుకునే థర్మల్ క్లిప్స్ అని పెట్టారు, అవి అయిపోతే చేతులు ఊపుకుంటూ నిలబడాలి. అంటే చల్లారే తుపాకీని తీసేసి చల్లారని తుపాకీ కనిపెట్టారన్నమాట, 2185లో మానవజాతి సాధించిన ప్రగతి అది. ఎందుకయ్యా అంటే గెత్ అనే రోబోలతో యుద్ధంలో ఎవడు ఎక్కువ తూటాలు కాలిస్తే వాడే గెలుస్తున్నాడని తెలిసిందంట, అందుకని మార్చారంట, గేమ్‌లోనే ఉండే సమాచార పుస్తకం కోడెక్స్‌లో రాశారు. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డి కోసం అన్నాడంట ఎవడో. షూటింగ్ గేమ్స్ ఆడేవాళ్ళకి రీలోడ్ బటన్ అలవాటు, అందుకని పెట్టారు, అంతే కదా, చెప్పేయొచ్చు కదా.

సరే పెట్టారు. రెండో గేమ్ మొదట్లో షెపర్డ్ చచ్చిపోతాడు. నిజంగానే చస్తాడు, రెండేళ్ళు శవం. ఆ రెండేళ్ళలోనే ఈ క్లిప్స్ వచ్చాయి. రెండేళ్ళ తర్వాత బల్ల మీద నుంచి లేచి, పిస్టల్ చేతిలోకి తీసుకోగానే అయ్యగారు అనే మాట ఏంటో తెలుసా, దీంట్లో థర్మల్ క్లిప్ లేదే అని! నేను నాలుగు రోజులు ఊరెళ్ళొస్తే మా ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడ పెట్టారో తెలియదు నాకు, వీడికి చచ్చి లేచిన నిమిషంలో తుపాకీ టెక్నాలజీ మొత్తం తెలిసిపోయింది.

ఇంకా ఉంది. షెపర్డ్ జట్టులోని జేకబ్ వాళ్ళ నాన్నని వెతుక్కుంటూ వెళ్ళే మిషన్ గుర్తుందా, హ్యూగో గెర్న్స్‌బ్యాక్ అనే ఓడ ఒక గ్రహం మీద కూలిపోయి పదేళ్ళు బయటి ప్రపంచంతో సంబంధం లేకుండా ఉండిపోతుంది, అక్కడి తిండి తిని జనానికి మతి కూడా పోతుంది. అక్కడ నేల మీద ఏం దొరుకుతాయి? థర్మల్ క్లిప్స్. పదేళ్ళ కింద పోయిన ఓడ, రెండేళ్ళ కింద పుట్టిన వస్తువు. ఇదీ కలేనా తమ్ముడూ?

అదే కాన్రాడ్ వెర్నర్ విషయం చూడండి, ఆ పిచ్చి అభిమాని. మొదటి గేమ్‌లో నేను వాడితో ఎంత మర్యాదగా మాట్లాడానో నాకే తెలుసు. రెండో గేమ్‌లోకి ఆ సేవ్ (మనం ఆడిన కథ రికార్డు) తెచ్చుకుంటే వాడు "నా మొహం మీద తుపాకీ పెట్టావు" అంటాడు. బగ్ అది, మనం ఏం చేసినా తుపాకీ పెట్టినట్టే రాసుకుంది గేమ్. మరి మూడో గేమ్‌లో ఏం చేశారు? కాన్రాడ్ వచ్చి, అప్పుడు నువ్వు తుపాకీ పెట్టావని చెప్పాను, సారీ, అప్పుడు చాలా టెన్షన్‌లో ఉన్నా అంటాడు. పైగా ఈ క్లిప్స్ ఏంటి, వెనక్కి వెళ్ళినట్టు కాదా అని మనకే చురక వేస్తాడు. అదీ పద్ధతి! తప్పు చేశాం, దొరికిపోయాం, రండి కలిసి నవ్వుకుందాం. ఆ ఒక్క సీన్‌కి నేను పది బొక్కలు మాఫీ చేశా.

కానీ మాఫీ చేయలేనిది ఒకటుంది, గుండెల్లో గుచ్చుకుని అలాగే ఉండిపోయింది. మొదటి గేమ్ కథ మొత్తం దేని మీద నిలబడింది? సిటడెల్ అనేది పెద్ద ఉచ్చు, సావరిన్ అనే రీపర్ సిగ్నల్ ఇస్తే అక్కడ పనిచేసే కీపర్స్ అనే జీవులు తలుపు తెరవాలి, రీపర్స్ గుంపు దిగాలి. కానీ ఐలోస్ గ్రహంలో మిగిలిన, ఎప్పుడో అంతరించిన ప్రోథియన్ జాతి సైంటిస్టులు వెనకదారిన సిటడెల్‌కి వెళ్ళి, అక్కడే చచ్చిపోతామని తెలిసీ కీపర్స్‌ని మార్చేసి, ఆ సిగ్నల్ పనిచేయకుండా చేశారు. అందుకే సావరిన్‌కి సారెన్ అనే ద్రోహి కావాల్సొచ్చింది, ఆ గొడవంతా అందుకే. ఐలోస్‌లో విజిల్ అనే ప్రోథియన్ కంప్యూటర్ ఈ కథ చెప్తుంటే ఆ మ్యూజిక్ వస్తుంది చూడండి... సరే. అంత గొప్పగా కట్టారా, మూడో గేమ్ ఆఖర్లో ఒక పిల్లాడి ఆకారం వచ్చి నేను కాటలిస్ట్‌ని, సిటడెల్ నాలో భాగం, రీపర్స్ అందరూ నా చేతిలోనే ఉన్నారు అంటాడు. ఒరేయ్ పిల్లకాయా, నువ్వు మొదట్నుంచీ లోపలే ఉంటే తలుపు నువ్వే తీయొచ్చుగా! లోపల ఇంటాయన సోఫాలో కూర్చుని ఉంటే బయట సావరిన్ తాళంచెవి కోసం ఊరంతా వెతికాడా? ఆ సైంటిస్టుల త్యాగం ఏం కాను? దీనికి జవాబు లేదు. ఉన్న ఒకే జవాబు ఆవు.

నార్మండీ సంగతీ అంతే. లండన్‌లో నా పక్కన పరిగెత్తిన మనుషులు ఆఖరి సీన్‌లో ఎక్కడో అడవిలో కూలిన నార్మండీలోంచి ఒళ్ళు దులుపుకుంటూ దిగారు. జనం గోల పెడితే 2012 జూన్‌లో ఎక్స్‌టెండెడ్ కట్ అని ఫ్రీగా ఇచ్చి, మధ్యలో నార్మండీ వచ్చి వాళ్ళని ఎక్కించుకున్నట్టు సీన్ పెట్టారు. మంచిదే. కానీ కనిపించినవాణ్ణల్లా కాల్చి బూడిద చేస్తున్న హార్బింజర్, ఎదురుగా ఓడ దిగి, తలుపు తీసి, షెపర్డ్ వీడ్కోలు చెప్పి, కన్నీళ్ళు పెట్టుకుని, తలుపు మూసే దాకా ఓపిగ్గా ఆగుతాడు. మా ఊరి బస్సు కండక్టర్ కూడా అంతసేపు ఆపడు.

ఆ రోజుల్లో అభిమానులు కోపం చూపించిన తీరు మాత్రం నాకు భలే ఇష్టం. ఎడ్మంటన్‌లో ఈ గేమ్ తీసిన బయోవేర్ కంపెనీ ఆఫీసుకి నాలుగొందల కప్‌కేకులు పంపారు, పైన ఎరుపు, నీలం, ఆకుపచ్చ క్రీము, ఏది కొరికినా లోపల రుచి ఒకటే, వెనిల్లా. ఎంత అందంగా తిట్టారండీ. మనవాళ్ళైతే ఆ కోపంలో బూతులు తప్ప ఏం రాయరు, నాతో సహా.

మా తమ్ముడేమో నా మీదకి బ్రహ్మాస్త్రం వదిలాడు: "షెపర్డ్ మెల్లగా రీపర్స్ కంట్రోల్‌లోకి వెళ్ళిపోయే సీన్ నిజంగానే పెడదామనుకున్నారు తెలుసా." తెలుసు నాయనా. ఆడేవాడి చేతిలోంచి కంట్రోల్ పోయేలా చేయాలనుకున్నారు, కుదరక వదిలేశారు. వదిలేశారు అన్నా కూడా అర్థం కాదేంటి? ఆ గేమ్ రాసినవాళ్ళలో ఒకాయన, క్రిస్ హెప్లర్, 2021లో చెప్పేశాడు కదా, అది పూర్తిగా అభిమానులు అల్లుకున్నదే, మేం అలా రాయలేదని. రాసినవాడు కాదన్నాక కూడా "ఆయనకి చెప్పకూడదని రూలు ఉంటుంది అన్నా" అంటాడు. ఇక ఏం మాట్లాడతాం.

వదిలేసినవి లెక్కపెడితే చాలా ఉన్నాయి. హేస్ట్రోమ్ గ్రహం దగ్గర సూర్యుడు వయసుకి మించి ముసలివాడైపోతున్నాడు, డార్క్ ఎనర్జీ అంటూ షెపర్డ్ జట్టులోని టాలీ అంత హడావిడి చేసింది, మూడో గేమ్‌లో దాని ఊసే లేదు. రీపర్స్ అసలు కారణం ఆ డార్క్ ఎనర్జీకి ముడిపెడదామని ఒక ఆలోచన ఉండేదని, మొదటి గేమ్ రాసిన డ్రూ కార్పిషిన్ తర్వాత చెప్పాడు. ఆయన మధ్యలో వెళ్ళిపోయాడు, సూర్యుడు అలాగే ఉండిపోయాడు. నాకు కావాల్సింది ఇలాంటి ముచ్చట. ఎవరు రాశారు, ఎవరు వెళ్ళిపోయారు, ఎక్కడ అతుకు వేశారు, అతుకు ఎందుకు ఊడింది. కల అనేస్తే ఈ మాటలన్నిటికీ తలుపు మూసేసినట్టే కదా. మీరు ఫ్రీగా గోడకి సున్నం కొట్టి పెడుతుంటే, పగులు వదిలేసి పోయిన మేస్త్రి ఎంచక్కా మేధావి అయిపోతున్నాడు.

అయినా వీడికి నాకు కంటిన్యుటీ పాఠం చెప్పే అర్హత ఉందా అసలు? ఇప్పుడు చెప్తా.

2011 వేసవి సెలవులు. నేను బీటెక్, వీడు ఏడో క్లాసు, మా ఇంటికొచ్చాడు. నేను రెండు గేముల సేవ్ దాచుకుని మూడోది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నా. మొదటి గేమ్‌లో విర్మైర్ గ్రహం మీద జట్టులోని రెక్స్‌తో వాదించి వాదించి బతికించుకున్నా. రెండో గేమ్ ఆఖర్లో వచ్చే సూసైడ్ మిషన్‌లో ఒక్కడు కూడా చావకుండా, మధ్యలో రెండుసార్లు కరెంటు పోయి మళ్ళీ మొదటికొచ్చి, తెల్లారుజామున నాలుగింటికి పూర్తి చేశా. ఆ మర్నాడో ఎల్లుండో నేను కాలేజీకెళ్ళొచ్చేసరికి కంప్యూటర్ కొత్త పెళ్ళికూతురులా మెరుస్తోంది. "వైరస్ ఉందన్నా, ఫార్మాట్ కొట్టా. సి డ్రైవ్ ఒక్కటే. నీ గేములు డి డ్రైవ్‌లో ఉన్నాయిగా, ఏం పోలేదు."

గేములు డి డ్రైవ్‌లోనే ఉన్నాయి. సేవ్ ఫైల్స్ మై డాక్యుమెంట్స్‌లో ఉంటాయిరా దరిద్రుడా!

2012లో మూడో గేమ్ సేవ్ లేకుండా మొదలెట్టాల్సొచ్చింది. సేవ్ లేకపోతే గేమ్ తనకి నచ్చినట్టు గతం రాసేసుకుంటుంది. ఆ గతంలో రెక్స్ చచ్చిపోయాడు. రెక్స్ సొంత గ్రహం తుచాంకాకి వెళ్తే ఎదురుగా రీవ్ నిలబడ్డాడు, రెక్స్ తమ్ముడు, ఆ వంకర మొహం. నేను కాపాడినవాణ్ణి నేనే చంపినట్టు, ఆ విషయం నాకే గుర్తులేనట్టు, రీవ్‌తో చేయి కలిపి కథ నడిపా. మళ్ళీ మొదటి నుంచి ఆడే టైమ్ లేదు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. 2021లో లెజెండరీ ఎడిషన్ వచ్చాక మూడూ వరసగా ఆడి రెక్స్‌ని బతికించుకున్నా కానీ, మొదటిసారి చూసింది మాత్రం రీవ్ మొహమే, అది పోదు.

ఇదంతా ఇందాక వాడికి టైప్ చేసి పెట్టా. మామూలుగా ఈ విషయంలో వాడి కథ ప్రతిసారీ మారుతుంది. మొదట్లో వైరస్ అన్నాడు, తర్వాత కరెంటు పోయి విండోస్ లేవలేదన్నాడు, మొన్న సంక్రాంతికి అసలు ఆ వేసవిలో మీ ఇంటికే రాలేదన్నాడు, పక్కనుంచి పిన్ని కూడా "అవును నాన్నా, ఆ ఏడు వాడికి ఆటలమ్మ పోసింది" అని వత్తాసు. ఆటలమ్మ పోసింది 2009లో, నా దగ్గర ఫోటో ఉంది. సరే ఈసారి ఏమంటాడో చూద్దామని ఎదురుచూశా. టైపింగ్, టైపింగ్, ఆగింది, మళ్ళీ టైపింగ్.

"అన్నా, బహుశా అది నీకు కలొచ్చి ఉంటుంది."

కింద ఆవు బొమ్మ ఎమోజీ.

బ్లూ టిక్ చూపించి వదిలేశా. పిన్నికి ఫోన్ చేస్తున్నా, ఎంగేజ్ వస్తోంది, వాడే ముందు చేసుంటాడు.