స్కానర్ కంటే ముందు చింతపిక్కల జిగురు

కళ చదివే పిల్లలకు చేతిపని ఒక పేపరు, డిజిటల్ ఇంకో పేపరు అని విడగొట్టడం దండగ. ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు పిల్లలకైతే మరీను. గంజపా ముక్కలు (చేత్తో బొమ్మలేసిన గుండ్రటి పేకముక్కలు), బట్ట మీద వేసే పట్టచిత్రం, సవర గిరిజనుల గోడబొమ్మలు చేతికందే దూరంలో ఉండగా, ఎక్కడిదో పువ్వు ఫొటో పెట్టి కంప్యూటర్లో లేయర్లు నేర్పడం దేనికి? ఒక్క గంజపా ముక్కను మొదటినుంచి చివరిదాకా చేయిస్తే రెండు విద్యలూ వస్తాయి.

ముందు బట్ట. చింతపిక్కలను రెండు మూడు రోజులు నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే జిగురు. పాత నూలు బట్టను దానితో పొరలుగా అతికి, సుద్దపొడి కలిపిన జిగురు రెండు వైపులా పూసి, ఎండబెట్టి, ముందు గరుకు రాయితో, తర్వాత నున్నటి రాయితో రుద్దాలి. జిగురు ఎక్కువైతే ముక్క వంచగానే పగుళ్లిస్తుంది. తక్కువైతే సుద్ద వేలికి అంటుతుంది. ముసురులో చేస్తే బూజే. ఇక రంగులు: ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు తాళకం, తెలుపుకు శంఖం పొడి, నలుపుకు దీపపు మసి, అన్నిటికీ వెలగ బంక. (ఇంగిలీకంలో పాదరసం, తాళకంలో ఆర్సెనిక్ ఉంటాయి. కుంచె మొనను పెదాలతో సరిచేసే అలవాటు మొదటి రోజే మాన్పించాలి.)

తర్వాత డిజిటల్ పని. రెండంగుళాల ముక్కను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేస్తే అడ్డంగా 1200 పిక్సెళ్లు. 300 డీపీఐలో అచ్చేస్తే నాలుగంగుళాలే వస్తుంది. ఎనిమిదంగుళాలు కావాలంటే 1200 డీపీఐలో స్కాన్ చేయాల్సిందే, తర్వాత సాగదీస్తే గీత మసకబారుతుంది. లక్క పూసిన ముక్క స్కానర్‌లో తెల్లగా మెరుస్తుంది కాబట్టి దాన్ని కెమెరాతో తీయాలి. చెరోవైపు 45 డిగ్రీల్లో ఒక్కో లైటు, వాటి ముందు మెరుపును అణిచే పోలరైజింగ్ షీట్లు, లెన్స్ మీది అలాంటి ఫిల్టర్‌ను మెరుపు చచ్చేదాకా తిప్పాలి. రంగులు సరిచూసుకోవడానికి మొదటి ఫొటోలో గ్రే కార్డు (బూడిదరంగు అట్ట) ఉండాలి. ఇంగిలీకంతోనే అసలు తంటా: మొత్తం హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల లెక్క చూపే గ్రాఫ్) బాగానే కనిపిస్తుంది, రెడ్ ఛానల్ ఒక్కటే కుడి అంచుకు కొట్టుకుని కుంచె జాడలన్నీ ముద్దయిపోతాయి. అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి సీఎంవైకేకి మార్చగానే మిగిలిన కళా పోతుంది. ఆ రంగును చేత్తో నూరినవాడి కంటికే ఈ తేడా ఠక్కున తగులుతుంది. నా వాదనంతా ఇదే.

ఉద్యోగమిచ్చేది సాఫ్ట్‌వేరే కదా, రాళ్లు రుద్దితే కడుపు నిండుతుందా అంటారు. ఫీజులు కట్టేవాళ్ల భయం న్యాయమే. కానీ బటన్లు నొక్కే పనిని ఏఐ లాగేసుకుంటున్న రోజుల్లో, అచ్చులో రంగు ఎక్కడ తప్పిందో చెప్పగలిగినవాడికే ప్రెస్సులో చోటు.

నన్ను ఇంతకన్నా తొలిచేది ఇంకోటుంది: ఆ ఫైలు ఎవరిది? గజపతి, రాయగడ కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఇడితాల్ పెద్దలకు, దేవతలకు అర్పించే బొమ్మ. ఫోన్‌తో తీసి, ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఆటో ట్రేస్ కొడితే నిమిషంలో వెక్టర్ (ఎంత పెంచినా చెదరని గీతల ఫైలు), మర్నాటికి టీషర్టు. పైగా చేతిగీత ఒడుదొడుకులన్నీ నున్నగా చదునైపోతాయి. సవరల్లో ఒక శాఖైన లాంజియా సవరల చిత్రాలకు 2024లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, నిజమే. అది కాపాడేది పేరును. పేరెత్తకుండా బొమ్మను ఎత్తుకుపోయేవాణ్ని ఆపడం దానివల్ల కాదు. పర్లాకిమిడిలో ఉంటూ గిడుగు రామ్మూర్తి సవర భాష నేర్చుకుని, వాళ్ల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. మన డిజిటల్ పాఠం మాత్రం తీసుకోవడమే నేర్పుతోంది. ఇడితాల్ ఫైలు మెటాడేటాలో (ఫైలుతోపాటే ఉండే వివరాల్లో) వేసినవారి పేరు, ఊరు, ఇచ్చిన అనుమతి నింపకుండా ఏ విద్యార్థి ప్రాజెక్టు సమర్పించినా సున్నా వేయాలి. సొంతంగా పెన్ టూల్‌తో ఎంత బాగా గీసినా సరే.