నా నిమ్మచెట్టుకు కాపలా కాస్తున్న చీమమ్మ గారికి

చీమమ్మ గారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నమంతా చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాను. మొదలుకు గుడ్డ చుట్టి, దాని మీద జిగురు పూసి, వేళ్ళకు అంటింది వదిలించుకుని లేచేసరికి చీకటి పడింది. పొద్దున చూస్తే తమరి బారు ఎప్పట్లాగే పైకీ కిందికీ నడుస్తోంది, గోడకు ఆనుకున్న ఒకే ఒక్క రెమ్మ మీదుగా! జిగురు పట్టీకి అంటుకున్నవి ఒక ఎండుటాకు, నా వెంట్రుక.

తమరి కష్టపడే గుణం గురించి చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఎవరి కోసం కష్టపడుతున్నారో మాత్రం ఎవరూ చెప్పలేదు. పిండినల్లి కోసం! అది చెట్టు రసం పీల్చి, ఒంటికి పట్టని తీపిని వెనక నుంచి వదిలితే తమరు నాకుతారు. మిగిలిన బంక మీద మసితెగులు కమ్ముకుని ఆకులు పొగ పట్టిన గోడలా తయారవుతాయి.

నాకితే నాకారు. అక్షింతల పురుగు మిమ్మల్నేం చేసింది? పిండినల్లిని తినడానికి వచ్చిన క్రిప్టోలేమస్ అనే అక్షింతల పురుగును నలుగురు చేరి కాళ్ళు పట్టి లాగడం నా కళ్ళతో చూశాను. దాని పిల్లపురుగు తెల్లటి మైనం కప్పుకుని అచ్చం పిండినల్లిలా ఉంటుంది కాబట్టి మీ దగ్గర కాస్త బతికి బట్టకడుతోంది. (నా దగ్గర అదీ లేదు. పోయిన నెల పిండినల్లులే అనుకుని పద్నాలుగింటిని నేనే నలిపేశాను. అదీ మీ ఖాతాలోనే రాస్తున్నాను.) ఆ వంశంలోదే వెడాలియా. 1888-89లో ఆస్ట్రేలియా నుంచి కాలిఫోర్నియాకు మొదటి మూడు విడతల్లో వెళ్ళినవి 129. రెండేళ్ళు తిరక్కుండా అక్కడి నారింజ తోటలను పొలుసు పురుగు నుంచి బయటపడేశాయి. లక్షల్లో ఉండి తమరు చేసిందేమిటి?

ఆకుల్లో వెండి ముగ్గులేసే పురుగుకూ, పక్షిరెట్టలా వేషం కట్టే గొంగళికీ విడిగా రాస్తాను. సిల్లా అనే పురుగుకు రాయను. చెట్టుకు ప్రాణాంతకమైన రోగం మోసుకొచ్చేవాళ్ళతో నాకు మాటల్లేవు.

బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటావు. సరే. కానీ నేను వేలు పెట్టింది నా నిమ్మకొమ్మ మీద కదటే! మోచేతి దాకా ఎక్కి కుట్టావే, నీ పుట్టెక్కడ, నా చెట్టెక్కడ? నీళ్ళు పోసేది నేను, ఎరువు వేసేది నేను. ఎవరు రావాలో ఎవరు రాకూడదో చెప్పడానికి నువ్వెవరే?

మీ వాళ్ళంతా ఇంతేనని అనను. క్రీ.శ. 304 నాటిదని చెప్పే ఒక చైనా గ్రంథంలోనే, నారింజ చెట్ల కోసం చీమల గూళ్ళను సంచుల్లో అమ్మేవారని ఉంది. ఆకులు కుట్టి గూడు కట్టుకునే మీ ఎర్ర అక్కలు అక్కడ కాయను పాడుచేసే పురుగులను తినేవారు. వాళ్ళు చెట్టు నుంచి చెట్టుకు పోవడానికి తర్వాతి కాలంలో రైతులే వెదురు బద్దలతో వంతెనలు వేసిపెట్టారు. మీకు వంతెన వేసిపెట్టింది నా బద్ధకం.

ఆ రెమ్మ ఇప్పుడే కత్తిరించి వచ్చాను. గోడ అంచున మీవాళ్ళు ఇద్దరు మీసాలు ఆడిస్తూ నిలబడ్డారు. ఎటు చూస్తున్నారా అని నేనూ చూశాను.

బట్టలారేసే తాడు రెండో కొస ఆ చెట్టుకే కట్టి ఉంది.

ఇట్లు,
జిగురు చేతులతో,
చెట్టు యజమానిని అనుకుంటున్న వ్యక్తి