రెండు గ్లాసులు, నాలుగు కడ్డీలు

కాకతీయులు చెరువులు తవ్వించిన గడ్డ మాది. 1959లో రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చాయి. హనుమకొండలో ఏ కరెంటు స్తంభం చూసినా ర్యాంకులు కొట్టిన పిల్లల మొహాలే. ఇంతటి విద్యావంతుల నగరాన్ని గడగడలాడించడానికి ఏం కావాలి? రెండు గాజు గ్లాసులు, ఓ ప్లగ్గు, నాలుగు కడ్డీలు. అవి పట్టుకుని వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు అపార్ట్‌మెంట్ మెట్లెక్కితే చాలు.

ఈ ప్రదర్శన మీరూ చూసే ఉంటారు. ఒక గ్లాసులో మన నల్లా నీళ్లు, రెండోదాంట్లో ఆయన వెంట తెచ్చిన ఆర్వో నీళ్లు. రెండిట్లో కడ్డీలు ముంచి స్విచ్ వేస్తాడు. నల్లా నీళ్లలో ముందు బుడగలు, తర్వాత పసుపు చారలు, ఆ పైన ముదురాకుపచ్చ బురద. కాసేపటికి మీద గోధుమ రంగు నురగ కూడా తేలుతుంది. ఆర్వో గ్లాసు తేటగా అలాగే ఉంటుంది. కుర్రాడు ఒక్క మాట అనడు. అనుభవజ్ఞుడు. బురద గ్లాసు మెల్లగా పైకెత్తి, తల్లి చంకలో ఉన్న పసిపిల్ల వైపు ఓసారి చూస్తాడు, అంతే.

"అమ్మో, గిన్ని రోజులు గీ నీళ్లేనా మనం తాగింది?"

మా నల్లాలకు నీళ్లిచ్చే ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల పరువు మా కారిడార్లో ఆ ఒక్క గ్లాసులో మునిగిపోయింది.

కెమిస్ట్రీ నాకు తిండి పెడుతున్న విద్య కాబట్టి నోరు ఊరుకోలేదు. అమ్మా, ఆ బురద నీళ్లలోది కాదు, కడ్డీలోది అన్నాను. నల్లా నీళ్లలో లవణాలు కరిగి ఉంటాయి గనుక కరెంటు పారుతుంది, పాజిటివ్ వైపున్న ఇనప కడ్డీ కరిగి తుప్పుగా మారుతుంది. ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు తీసేశారు, కరెంటు పారదు, కడ్డీ కరగదు. నిజంగా భయపడాల్సినవి ఫ్లోరైడూ, టైఫాయిడ్ క్రిములూ. వాటి సంగతి ఈ కడ్డీలకు ఏమీ తెలియదు.

ఎవరూ వినలేదు. సరే, వంటింట్లోంచి చిటికెడు ఉప్పు తెప్పించి ఆర్వో గ్లాసులో వేసి కలిపి స్విచ్ వేయించాను. తేటనీళ్లు కూడా అంతే బురదయ్యాయి. అందరూ గప్‌చుప్. ఆ నిమిషం నేను, కరెంటుతో కడ్డీ ఎంత కరుగుతుందో లెక్క తేల్చిన ఫారడేకు వారసుణ్ణి. అంతలో కింది ఫ్లోరు పెద్దాయన తల పంకించి, "జూసిన్రా, ఉప్పుల గూడ కల్తీనే!" అన్నాడు.

కుర్రాడు క్షణం వృథా చేయలేదు. "మా దగ్గర పింక్ సాల్ట్ కూడా ఉంది సార్."

నవ్వండి, నేనూ నవ్వాను. కానీ అక్కడ నిలబడ్డవాళ్లలో సైన్సు చదవనివాళ్లు తక్కువ. ఒకమ్మాయి పోయిన ఏడే ఇంటర్ రెండో సంవత్సరంలో ఎలక్ట్రోకెమిస్ట్రీ చదివింది. ఫారడే నియమాలు అడిగితే కామాలతో సహా అప్పజెబుతుంది. అదే పాఠం కళ్లముందు గ్లాసులో ఉడుకుతుంటే గుర్తుపట్టలేకపోయింది. ఆ పిల్లను ఏమంటాం? రెండేళ్లూ వాళ్ల కాలేజీ ల్యాబు తాళం తీయలేదట. అయినా ప్రాక్టికల్స్‌లో 30కి 30. పిపెట్ చేత్తో పట్టని పిల్లకు 30 మార్కులు ఎలా వేశారయ్యా? వేసిన చేతికి సిగ్గు లేదా? గ్రామర్ పుస్తకం మొత్తం బట్టీ కొట్టించి, నోరు మాత్రం తెరవనివ్వకుండా ఇంగ్లిష్ వచ్చేసిందని సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది ఈ యవ్వారం. లక్షలు గుంజుకుని పిల్లల దగ్గర పరీక్షనాళిక కూడా దాచిపెడితే దాన్ని చదువనరు, దోపిడీ అంటారు. ఆ లక్షలు కట్టిన తల్లిదండ్రులు ఫ్యాన్లున్నాయా, ఏసీ ఉందా అని అడుగుతారు గానీ, ల్యాబు తలుపు తీసి చూపించమని ఒక్కరూ అడగరు!

ఆ సాయంత్రం మా ఫ్లోరులోనే మూడు మెషీన్లు అమ్ముడయ్యాయి, ఈఎంఐ మీద. ఇక లీటరు నీళ్లు వడగట్టినప్పుడల్లా రెండు మూడు లీటర్లు డ్రైనేజీ పాలు. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్న నీళ్లకు ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే అంది. మా వాళ్ల నల్లాలో ఎంతుందో కొలిపించుకున్నవాళ్లు లేరు. బురద చూశారు, చాలు.

కుర్రాణ్ణి మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"మీరు చెప్పింది కరెక్టే సార్," అన్నాడు, ఏ మొహమాటమూ లేకుండా. "నేను బీఎస్సీ కెమిస్ట్రీనే."

"మరి తెలిసీ ఎందుకిట్ల?"

"టార్గెట్ ఉంటది సార్. పై ఫ్లోరుల మీకు తెలిసినోళ్లు ఎవరన్న ఉన్నరా?"