సవరణ: జైల్లో పని, కూలి

శ్రీకాకుళం దగ్గర అంపోలు జిల్లా జైల్లో అందరిచేతా పని చేయిస్తారు, కూలి ఇవ్వరు అని నిన్న రాశాను. రెండూ తప్పే. పొద్దున ఏడురోడ్ల కూడలి దగ్గర, వార్డరుగా రిటైరైన ఒకాయన టీ గ్లాసు బల్లమీద పెట్టి మరీ అడిగాడు: "ఏటి బావూ, రిమాండోళ్లకి పనేటి?"

నిజమే. పని తప్పనిసరి కఠిన కారాగార శిక్ష పడ్డవాళ్లకే. సాధారణ శిక్షవాళ్లు ఇష్టమైతేనే చేస్తారు. రిమాండులో ఉన్న విచారణ ఖైదీలకు, అంటే ఇంకా శిక్ష పడనివాళ్లకు, నిర్బంధం లేదు. చేసిన పనికి తగిన కూలి ఇవ్వాలని, అందులో కొంత బాధితుల పరిహారానికి తీయాలని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. "వెట్టిచాకిరీ" అన్న మాట తీసేశాను. కూలి మరీ తక్కువన్న నా గొణుగుడు మాత్రం అలాగే ఉంచాను.

ఇంకోటి వదిలేశాను: 5,000 రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి, సొత్తు తిరిగిచ్చినవాడికి 2024 జూలై 1 నుంచి సమాజ సేవే శిక్ష.