వాంతులయ్యాక వంటసోడా తాగమనే మెసేజ్ నమ్మకండి

ఫోన్లలో ఒక మెసేజ్ బాగా తిరుగుతోంది: "వాంతులు ఆగకపోయినా, మూత్రం మాత్రలు వాడుతున్నా కంగారు అక్కర్లేదు. రక్తంలో క్షారం పెరిగితే కిడ్నీలే తోసేస్తాయి. మూత్రం ఆమ్లంగా ఉంటే ఒంట్లో ఆమ్లం పెరిగినట్టే. వంటసోడా కలిపిన నీళ్లు తాగండి." ఒంట్లో నీరు, ఉప్పు ఎంత మిగిలాయన్న సంగతే ఇందులో లేదు. అందుకే మూడు మాటలూ దారి తప్పాయి.

కిడ్నీలే తోసేస్తాయన్నది మొదటి మాట. నీరు, ఉప్పు, పొటాషియం సరిపడా ఉండి, కిడ్నీలు బాగున్న మనిషికి ఇది నిజమే. ఎక్కువైన బైకార్బనేట్ (రక్తంలోని ముఖ్యమైన క్షారం, వంటసోడాలో ఉండేదీ ఇదే) త్వరగానే మూత్రంలో పోతుంది. కానీ కిడ్నీ రోజూ చేసే పని దాన్ని వదలడం కాదు, వెనక్కి తెచ్చుకోవడం. రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం రక్తంలోంచి కిడ్నీల్లో వడపోతకి వస్తుంది. మామూలుగా ఉండే లీటరుకి 24 మిల్లీమోల్స్ (పదార్థం ఎంత ఉందో చెప్పే కొలత) చొప్పున చూస్తే, అందులోని బైకార్బనేట్ దాదాపు 360 గ్రాముల వంటసోడాతో సమానం! అందులో సుమారు 80 శాతం వడపోత గొట్టం మొదటి భాగంలోనే రక్తంలోకి తిరిగి చేరుతుంది. మిగతాది తర్వాతి భాగాల్లో చేరుతుంది.

ఆ గొట్టం గోడలోని కణాలు సోడియంని లోపలికి లాక్కుంటూ, బదులుగా హైడ్రోజన్‌ని బయటికి పంపుతాయి. బైకార్బనేట్ వెనక్కి వచ్చేది ఆ హైడ్రోజన్ సాయంతోనే. ఒంట్లో ద్రవం తగ్గితే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ పెరిగి ఈ మార్పిడిని ముమ్మరం చేస్తుంది. ఆల్డోస్టెరాన్ అనే మరో హార్మోన్ చివరి గొట్టాల్లో హైడ్రోజన్‌ని, పొటాషియంని మూత్రంలోకి తోయిస్తుంది. వడపోత కూడా తగ్గుతుంది. బైకార్బనేట్‌ని మూత్రంలోకి వదిలే కణాలు ఉన్నాయి, కానీ వాటికి మారకానికి క్లోరైడ్ (ఉప్పులో సోడియంతో జతగా ఉండేది) కావాలి. వాంతుల్లో కడుపులోని ఆమ్లంతోపాటు పోయిందే ఆ క్లోరైడ్; ఆమ్లం పోబట్టే రక్తంలో క్షారం పెరిగింది. రక్తప్రసరణ నిలబడాలంటే ఉప్పు దక్కాలి కాబట్టి, కిడ్నీ ముందు దాన్నే పట్టుకుంటుంది. దాంతోపాటే క్షారమూ ఒంట్లో ఉండిపోతుంది.

మూత్రం మాత్రల సంగతికి చిన్న లెక్క చాలు. కణాల బయట 15 లీటర్ల ద్రవం ఉంటే, అందులో బైకార్బనేట్ 360 మిల్లీమోల్స్. ఈ మాత్రల్లో చాలావాటితో పోయే ద్రవంలో ఉప్పు ఎక్కువ, బైకార్బనేట్ బాగా తక్కువ. అలా 3 లీటర్లు పోతే అవే 360 ఇప్పుడు 12 లీటర్లలో సర్దుకోవాలి, అంటే లీటరుకి 30. ఒంట్లోని బఫర్లు (ఆమ్ల, క్షారాల మార్పుని అదుపుచేసే పదార్థాలు) దీన్ని కొంత తగ్గిస్తాయి, కానీ వరస ఇదే.

మూత్రం ఆమ్లంగా ఉంటే ఒంట్లో ఆమ్లం ఎక్కువని చెప్పడం మరీ పొరపాటు. వాంతులు మొదలైన కొత్తలో మూత్రం క్షారంగానే వస్తుంది. ద్రవం, క్లోరైడ్, పొటాషియం తగ్గేకొద్దీ, రక్తం క్షారంగా ఉండగానే మూత్రం ఆమ్లంగా మారుతుంది. ఆ దశలో మూత్రం పరీక్షించే స్ట్రిప్ రంగు చూసి నిర్ణయం తీసుకుంటే సరిగ్గా ఉల్టా అవుతుంది. మూత్రంలో క్లోరైడ్ చూడాలి. వాంతులతో తగ్గిపోయిన మనిషిలో అది సాధారణంగా లీటరుకి 20 మిల్లీమోల్స్ కన్నా తక్కువ ఉంటుంది.

వంటసోడా సలహా చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. ఇప్పటికే పెరిగిన బైకార్బనేట్‌కి ఇంకాస్త కలిపితే పొటాషియం మరింత పడిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, కండరాలు పట్టేయవచ్చు. ఉత్త నీళ్లతోనూ పని జరగదు, వాటిలో క్లోరైడ్ లేదు. మామూలు సెలైన్‌లో లీటరుకి 154 మిల్లీమోల్స్ క్లోరైడ్ ఉంటుంది. దానితోపాటు తగ్గిన పొటాషియం కూడా అందితే, కిడ్నీ పట్టు సడలించి బైకార్బనేట్‌ని వదలడం మొదలుపెడుతుంది. మూత్రం మళ్లీ క్షారంగా మారుతుంది.

గుండె బలహీనపడి కాళ్లు వాచినవాళ్ల సంగతి వేరు. ఒంట్లో నీరు నిండుగా ఉన్నా, ధమనుల్లో సరిపడా తిరగడం లేదు కాబట్టి కిడ్నీ దాన్ని కొరతగానే లెక్కేస్తుంది. వాళ్లకి సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అక్కడ డాక్టర్లు పొటాషియం క్లోరైడ్ గానీ, బైకార్బనేట్‌ని మూత్రంలోకి పంపే ఎసిటజోలమైడ్ అనే మందు గానీ ఎంచుకుంటారు.